అణువుల అల్లిక నెఱిగిన వైద్యుడు – యల్లాప్రగడ సుబ్బారావు

ఆంధ్రులలో సుప్రసిద్ధులైన శాస్త్రజ్ఞుల పేరులు చెప్పుమన్నచో పాఠశాల విద్యార్థి తడుముకొనకుండ చెప్పు పేరులలో యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఒకటి. ఆయన చేసిన పని యేమని మరల ప్రశ్నించినచో, గొప్ప మందులు కనుగొనెనను సమాధానము వచ్చును. ఆ మందులు ఎట్లు కనుగొనబడెను, వైద్యుడైన వాడు రసాయనశాలలో ఏల జీవితమును గడపెను అని మూడవ ప్రశ్న వేసినచో సాధారణముగా మౌనమే మిగులును. ఆ మూడవ ప్రశ్నకు సమాధానము కర్బన రసాయనశాస్త్రపు మొదటి పాఠములోనే యున్నది. ఆ పాఠమును, ఈ జీవితమును కలిపి చదివినచో రెండును తేటపడును.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నాటి మద్రాసు రాజధానిలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానమున్న ఇల్లు, సంపద స్వల్పము. బాల్యమున చదువుపై ఆయనకు శ్రద్ధ కుదరలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు వెదకి వెనుకకు తెచ్చిరి. రాజమహేంద్రవరమున చదివి, పిదప మద్రాసు హిందూ హైస్కూలులో చేరి, మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవ ప్రయత్నమున గాని ఉత్తీర్ణుడు కాలేకపోయెను. నేడు పరీక్ష తప్పిన విద్యార్థిని చూచి నిరాశచెందు ఉపాధ్యాయులు జ్ఞాపకముంచుకొనదగిన విషయమిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో ఆయన మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్న్యసింపవలెనని కోరెను. తల్లి అంగీకరింపలేదు. తల్లి యనుమతి లేనిదే చేర్చుకొనుటకు మఠమువారును ఇష్టపడక, వైద్యము చదివి జనసేవ చేయుమని హితవు చెప్పిరి. ఆ విధముగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను. 1919లో శేషగిరితో వివాహమయ్యెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువునకు ఆర్థికముగా తోడుపడెను. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని సుబ్బారావు ఖద్దరు ధరించి కళాశాలకు పోవుట ఆంగ్లేయుడైన శస్త్రవైద్యాచార్యునకు రుచింపలేదు. తుదకు ఆయనకు లభించినది ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే.

ఆయన జీవితమును మలుపు త్రిప్పినది పట్టము కాదు, మరణము. స్ప్రూ యను వ్యాధి యొకటి కలదు. మన వైద్యులు దానిని గ్రహణి యందురు. తిన్నది ఒంటబట్టదు, విరేచనములు విడువవు, రక్తము క్షీణించును, మనిషి ఎండిన కొమ్మవలె అగును. ఈ వ్యాధిచేత ఆయన సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తి కొలది దినముల తేడాతో మరణించిరి. సుబ్బారావు కూడ ఆ రోగమునకు లోనై, డాక్టరు ఆచంట లక్ష్మీపతి యిచ్చిన ఆయుర్వేద ఔషధము సేవించి కోలుకొనెను. తాను చదివిన వైద్యములో లేని మందు తనను బ్రదికించినది. అయితే అది ఏ పదార్థము వలన పనిచేసినదో చెప్పగలవారు లేరు. కొంతకాలము మద్రాసులోని ఆయుర్వేద కళాశాలయందు శరీర నిర్మాణశాస్త్రము బోధించి, ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని ఆయన సముద్రము దాటెను. 1922 అక్టోబరు నెలలో బోస్టను నగరమున దిగెను. గర్భవతియైన భార్య ఇంటియొద్దనే యుండెను. తరువాత జన్మించిన కుమారుడు శైశవములోనే మరణించెను. తండ్రి ఆ బిడ్డను కన్నులార చూడనే లేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యపాఠశాలలో చేరిన సుబ్బారావునకు విద్యార్థి వేతనము లేదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగులకు పరిచర్య చేయు చిన్న పనులతో పొట్ట పోసికొనుచు చదువు ముగించెను. పిదప అచటి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కు నొద్ద పరిశోధకుడుగా చేరెను. ఇచటినుండి ఆయన కథ కర్బన రసాయనశాస్త్రపు కథతో పెనవేసికొనును గనుక, ఆ శాస్త్రమును గూర్చి కొంత చెప్పుకొనవలయును.

పూర్వము పండితులు పదార్థములను రెండు తెగలుగా విభజించిరి. ఉప్పు, సున్నము, లోహములు మున్నగునవి ఒక తెగ. నూనె, చక్కెర, మూత్రము, రక్తము మున్నగు ప్రాణిసంబంధములు మఱియొక తెగ. రెండవ తెగవానిని ప్రాణశక్తి మాత్రమే సృజింపగలదని వారి విశ్వాసము. 1828లో వోలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మూత్రములోని యూరియాను ప్రాణి ప్రమేయము లేకుండ ప్రయోగశాలలో తయారుచేసెను. నాటినుండి ఆ విశ్వాసము సడలసాగినది. రెండవ తెగ పదార్థములన్నిటిలోను కర్బనమున్నదని తేలినది. కనుక ఆ శాస్త్రమునకు కర్బన రసాయనశాస్త్రమను పేరు స్థిరపడినది.

కర్బన పరమాణువునకు నాలుగు చేతులున్నవని ఊహింపుడు. ఉదజనికి ఒక్కటే చేయి. ఒక కర్బనము నాలుగు ఉదజనులను పట్టుకొన్నచో మీథేన్ అగును. కృష్ణా గోదావరీ తీరములలో భూగర్భమునుండి తీయు సహజవాయువులో ముఖ్యభాగమిదియే. కర్బనమునకు మఱియొక విశేషము కలదు. అది తన జాతివానితోనే చేయి కలిపి ఎంత పొడవైన గొలుసునైనను అల్లగలదు. రెండు కర్బనముల గొలుసు ఈథేన్, మూడింటిది ప్రొపేన్, నాలుగింటిది బ్యూటేన్. వంటయింటి గ్యాసు సిలిండరులో నుండునవి ప్రధానముగా ఈ చివరి రెండే. వీనిలో ఉదజనుల సంఖ్య క్రమముగా 4, 6, 8, 10. కర్బనముల సంఖ్యను రెట్టించి రెండు కలిపినచో ఉదజనుల సంఖ్య వచ్చును. కర్బనము, ఉదజని తప్ప వేఱొకటి లేని ఇట్టి పదార్థములను హైడ్రోకార్బనులందురు. కర్బన రసాయనశాస్త్రమను మేడకు ఇవి పునాదిరాళ్లు.

పరమాణువుల లెక్క తెలిసినంతమాత్రమున పదార్థము తెలిసినట్లు కాదు. కడప యను మాటలోని మూడక్షరములనే తారుమారు చేసినచో పడక యగును. అక్షరములు అవియే; అర్థము వేఱు. బ్యూటేనులోని నాలుగు కర్బనములు ఒకే వరుసలో నిలుచుట ఒక విధము. మూడు వరుసలో నిలిచి, నాలుగవది నడిమిదానికి కొమ్మగా మొలచుట మఱియొక విధము. రెండింటిలోను ఉదజనులు పదియే. కాని మొదటిది సున్నకు అర డిగ్రీ దిగువన మరగును. రెండవది సుమారు 12 డిగ్రీల దిగువననే మరగును. లెక్క కంటె అమరిక ముఖ్యమనుటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము లేదు.

గొలుసు రెండు కొనలు కలిసికొన్నచో వలయమగును. 1858లో కర్బనముల గొలుసును, నాలుగు చేతులను ప్రతిపాదించిన కెకూలే, 1865లో బెంజీనునకు వలయాకారమును సూచించెను. ఆరు కర్బనములు షట్కోణముగా కూర్చున్నవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉదజని తగిలియున్నది. ఇట్టి రెండు షట్కోణములు ఒక భుజమును పంచుకొన్నచో నాఫ్తలీన్ అగును. బట్టల పెట్టెలలో పురుగు పట్టకుండ వేయు తెల్లని ఉండలలో చిరకాలముగా వాడబడినది ఇదియే. వలయముల కొఱకు దూరదేశములు వెదకనక్కఱలేదు. లింగాల, పులివెందుల ప్రాంతముల చీనీతోటలలో వలయములకు కొదువ లేదు. చీనీతొక్కను దీపశిఖయొద్ద వంచి నొక్కినచో సన్నని తుంపర చిటపటలాడి మండుట పిల్ల లెఱిగిన వేడుక. ఆ తుంపరలో ముఖ్యమైనది లిమొనీన్. పది కర్బనములు, పదునాఱు ఉదజనులు గల హైడ్రోకార్బను అది. అందులోను ఆరు కర్బనముల వలయమున్నది.

ఇక హార్వర్డు ప్రయోగశాలకు మరలుదము. రక్తములోను మూత్రములోను భాస్వర మెంత యున్నదో తెలిసికొనుట ఆ కాలమున కష్టమైన పని. ఫిస్కు, సుబ్బారావు 1925లో దానికొక సులభమార్గము కనిపెట్టిరి. భాస్వర లవణమున్న ద్రవమునకు మాలిబ్డినపు లవణమును, ఒక ప్రత్యేక కారకమును చేర్చినచో నీలవర్ణము పుట్టును. భాస్వర మెంత యెక్కువయో నీలి యంత చిక్కన. ఆ కారకము నాఫ్తలీనునుండి వచ్చినది. నాఫ్తలీనులోని కొన్ని ఉదజనులను తొలగించి, వాని చోట నత్రజని, ఆమ్లజని, గంధకములతో కూడిన సమూహములు తగిలించగా ఏర్పడినది. హైడ్రోకార్బను అస్థిపంజరము, దానికి తగిలించిన సమూహములే దాని స్వభావమును నిర్ణయించును. సుబ్బారావు జీవితకాలపు పని యంతయు ఈ యొక్క సూత్రమునకు వ్యాఖ్యానమన్నను అతిశయోక్తి కాదు. ఫిస్కు–సుబ్బారావు పద్ధతియను పేరుతో ఇది ప్రపంచమందలి ప్రయోగశాలలకెల్ల వ్యాపించినది.

ఈ నీలివర్ణపు కొలతతోనే వారు కండరములను పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి.గా ప్రసిద్ధమైన పదార్థమును కనుగొనిరి. రెండవదానిని జర్మనీలో లోమన్ కూడ స్వతంత్రముగా ఆ కాలముననే కనుగొనెను. నడచుట, మాటాడుట, గుండె కొట్టుకొనుట – జీవకణమున జరుగు ప్రతి వ్యయమునకు ఏ.టి.పి. నాణెము వంటిది. కండరము పనిచేయుటకు లాక్టికామ్లమే కారణమని నాటివఱకు ప్రబలియుండిన సిద్ధాంతమునకు ఈ పరిశోధనలు గొప్ప దెబ్బ తీసినవి. 1930లో సుబ్బారావు డాక్టరేటు పట్టము పొందెను. ఇంత జరిగినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ గ్రామమున నున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పరిశోధనలకు అధిపతి యయ్యెను. ఇచట పాత ప్రశ్న మరల ముందుకు వచ్చినది. రక్తమును వృద్ధిచేసి, గ్రహణివంటి రోగములను కుదుర్చు పదార్థము కాలేయములో నున్నదని తెలియును, అది యేది? ఈ ప్రశ్నకు భారతదేశముతో సంబంధము కలదు. 1931లో ల్యూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బొంబాయిలో రక్తహీనతతో బాధపడు గర్భిణీస్త్రీలకు ఈస్టుసారమిచ్చి గుణము కనిపించినదని ప్రకటించెను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టి గుణముగల ఆమ్లమును రవ్వంత తీసి, ఆకునుండి వచ్చినది గనుక లాటిను పదమును బట్టి ఫోలికామ్లమని పేరిడిరి. టన్నుల ఆకు నుండి రవ్వంత వచ్చు పదార్థము రోగుల కెట్లు అందును? ప్రయోగశాలలో తయారుచేయవలయును. తయారుచేయవలెనన్న దాని నిర్మాణము తెలియవలయును.

సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు ఆ అణువును ముక్కలు చేసి పరిశీలించిరి. మూడు ఖండములు బయటపడినవి. మొదటిది నత్రజనులు పొదిగిన జంట వలయము, టెరిడీన్. రెండవది బెంజీను వలయముపై నిర్మితమైన ఒక ఆమ్లము. మూడవది మాంసకృత్తులలో సామాన్యముగా నుండు గ్లుటామికామ్లము. విడదీసినది మరల కూర్పగలిగినప్పుడే నిర్మాణము నిజముగా తెలిసినట్లు. 1945లో వారు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించిరి. మఱుసటి సంవత్సరము నిర్మాణమును వెల్లడించిరి. స్ప్రూ రోగులకు ఆ మందిచ్చిన వైద్యులు గుణము చూచిరి. ఇద్దఱు సోదరులు మరణించిన పాతికేండ్లకు ఆ రోగమునకు మందొకటి సీసాలోనికి వచ్చినది. నేడు మన ప్రభుత్వ పాఠశాలలలో వారమున కొకసారి పిల్లలకు పంచు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఈ ఫోలికామ్లమే.

ఇంతటితో ఆగినచో ఇది ఒక విటమిను కథగానే యుండును. రక్తకణములు వృద్ధియగుటకు ఫోలికామ్లము కావలయును. తెల్లకణములు అదుపుతప్పి వృద్ధియగు ల్యుకీమియా యను రక్తపు కాన్సరులో దానిని అందకుండ చేసినచో? బోస్టనులో పిల్లల ఆసుపత్రి వైద్యుడైన సిడ్నీ ఫార్బర్, ఫోలికామ్ల సంబంధులైన పదార్థములను ఈ రోగులకిచ్చినప్పుడు వ్యాధి మఱింత త్వరపడినట్లు గమనించెను. కావలసినది దానికి శత్రువు. ఆ శత్రువును రసాయనికులు ఎట్లు నిర్మించిరో విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలయును. టెరిడీను వలయముపై ఒక చోటనున్న ఆమ్లజని–ఉదజని సమూహమును తీసి, ఒక నత్రజని రెండు ఉదజనుల సమూహమును పెట్టిరి. అంతియే. తక్కిన అణువంతయు యథాతథము. కణములోని ఎంజైము ఆ మాఱువేషమును ఫోలికామ్లమని భ్రమించి పట్టుకొనును, పట్టుకొన్నదానిని వదలలేదు, పని స్తంభించును. తాళమున దూరి తిరుగక యిఱుకుకొన్న తాళపుచెవి వంటిది ఈ అమినోప్టెరిన్.

1947 డిసెంబరు చివర ఫార్బర్ దీనిని ఇచ్చుట మొదలుపెట్టెను. 1948 జూనులో ప్రకటించిన నివేదికలో 16మంది పిల్లలలో 10మందికి ఉపశమనము కలిగినదని తెలిపెను. ఆ ఉపశమనము తాత్కాలికమే. రోగము మరల తిరుగబెట్టెను. ఆ సంగతి దాచిపెట్టరాదు. కాని అంతవఱకు వారములలోనో నెలలలోనో నిశ్చయముగా ప్రాణము తీయు వ్యాధి, ఒక మందునకు లొంగి కొన్నాళ్లయినను వెనుకకు తగ్గుట అది మొదటిసారి. ఆ అణువునకే ఒక నత్రజనిపై మఱొక చిన్న సమూహమును తగిలించగా మెథోట్రెక్సేట్ ఏర్పడినది. ఆ సమూహము మిథైలు. అనగా ఒక్క ఉదజని కోల్పోయిన మీథేను. హైడ్రోకార్బనుల పాఠమున మొదటి వాక్యములో వచ్చు పదార్థపు తునక ఇచట ప్రాణరక్షణకు వచ్చినది. నేడు మెథోట్రెక్సేటును ఇతర మందులతో కలిపి వాడుచున్నారు; కీళ్లవాతమునకు కూడ ఇచ్చుచున్నారు. మంచి వైద్యము లభించు చోట్ల ఈ రోగము సోకిన పిల్లలలో నూటికి 80మందికి పైగా బ్రతికి బట్టకట్టుచున్నారు.

గోదావరీ తీరమున పెరిగిన వానికి బోదకాలు వ్యాధి వేఱొకరు చెప్పి తెలియవలసినది కాదు. 1947లో లెడర్లీ శాస్త్రజ్ఞులు ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిములను చంపు హెట్రజాన్ అను మందును వెలువరించిరి. బెంజీనువలెనే ఇందులోను ఆరు పరమాణువుల వలయ మున్నది. అయితే అందు రెండు స్థానములలో కర్బనమునకు బదులు నత్రజని కూర్చున్నది. వలయమునకు ఒక ప్రక్క మిథైలు, మఱొక ప్రక్క ఈథేనునుండి పుట్టిన ఈథైలు సమూహములు రెండున్నవి. భారత ప్రభుత్వము 1955లో బోదకాలు నివారణకు జాతీయ కార్యక్రమ మారంభించినప్పటినుండి మన గ్రామములలో డి.ఇ.సి. మాత్ర యను పేరుతో పంచబడినది ఈ మందే.

ఆయన కాలమున ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను సువర్ణవర్ణపు ఔషధమును తీసెను. 1948లో అది లోకమునకు ప్రకటింపబడినది. నానావిధములైన అంటురోగములను కుదుర్చు మందు అది. దాని నిర్మాణము కొన్ని సంవత్సరములకు తేలగా, నాలుగు షట్కోణములు వరుసగా భుజములు కలిపి నిలిచినట్లు కనబడినది. ఆ నాలుగు వలయములను బట్టియే ఆ కుటుంబమునకు టెట్రాసైక్లినులను పేరు వచ్చినది.

ఆ నాలుగు వలయముల చిత్రమును చూచు భాగ్యము సుబ్బారావునకు కలుగలేదు. 1948 ఆగస్టు నెలలో ఒక రాత్రి నిద్రించి ఆయన మరల లేవలేదు. వయస్సు 53 సంవత్సరములు. ఇరువది యాఱేండ్ల ప్రవాసములో ఒక్కసారియైనను స్వదేశమునకు తిరిగి రాలేదు. అమెరికా పౌరసత్వమును పొందనులేదు. భార్య శేషగిరి మరల భర్తను చూడకయే శేషజీవితము గడపెను. ప్రపంచమున కెంతో ఇచ్చిన ఈ జీవితమును లెక్కగట్టునపుడు ఆ యిల్లాలి ఖాతాలో వ్రాయవలసిన నష్టమును మఱచుట న్యాయము కాదు.

మందులపై ఆయన పేరు లేదు. పత్రికలవారి యెదుట నిలుచుట ఆయనకు గిట్టదు. ఫలితములను సహచరుల పేర ప్రకటింపనిచ్చుటకు వెనుదీయడు. అందువలన బ్రదికియుండగా కీర్తి ఆయనను ఎక్కువగా వెదకి రాలేదు. తరువాత ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని పేరిడిరి. 1995లో, శతజయంతి సంవత్సరమున, భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా ఒక బిళ్లను వెలువరించెను.

తరగతిలో నల్లబల్లపై ఉపాధ్యాయుడు షట్కోణము గీసినప్పుడు, పరీక్షకొఱకు నేర్వవలసిన మఱియొక బొమ్మ యని విద్యార్థులు దానిని నోటుపుస్తకమున దించుకొందురు. ఆ షట్కోణపు మూలను ఒక్క పరమాణువు మాఱినచో విటమిను విషమగును, విషము ఔషధమగును అని చెప్పుటకు సుబ్బారావు జీవితమును మించిన దృష్టాంతము మనకు దొరకదు. మూడవసారి గాని మెట్రిక్యులేషను దాటలేకపోయిన కుఱ్ఱవాడు ఆ దృష్టాంతమును మనకు మిగిల్చెను. ఈ రెండవ సంగతిని కూడ, వెనుకబల్లపై కూర్చున్నవారికి వినబడునట్లు, ఆ పాఠములోనే చెప్పుట మేలు.